మేషా శాసనాన్ని బతికించిన తడి కాగితం

ప్రాచీన సెమిటిక్ (హీబ్రూ, అరబిక్ ఉన్న భాషా కుటుంబం) శాసనాల గురించి మాట్లాడాల్సి వస్తే నేను ఎప్పుడూ మేషా శాసనంతోనే మొదలుపెడతాను. అది దాదాపు 2,850 ఏళ్ళ నాటిది, బైబిల్లో పేరున్న రాజే చెక్కించుకున్నది, ఇవన్నీ గొప్ప సంగతులే. కానీ నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఈ రోజు మనం ఆ శాసనాన్ని ఇంత బాగా చదువుకోగలుగుతున్నామంటే, అందులో పెద్ద వాటా ఒక తడి కాగితానిది, దాన్ని రాతి మీద నుంచి ముక్కలుగా లాగి అంగీలో కుక్కుకుని గుర్రమెక్కి పారిపోయిన మనిషిది. రాయి గురించి వందల పుస్తకాలు వచ్చాయి. కాగితం గురించి మాత్రం ఏదో ఒక మూల రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు, అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మేషా మోయాబు రాజు. మోయాబు అంటే మృత సముద్రానికి తూర్పున ఉన్న పీఠభూమి, ఇప్పటి జోర్డాన్‌లో ఉంది. తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి రూతు ఊరివాళ్ళుగా మోయాబీయులు బాగా తెలుసు. మేషా పేరు రాజులు రెండవ గ్రంథం మూడో అధ్యాయంలో వస్తుంది. అక్కడ ఆయన బాగా మందలున్న రాజు, ఇశ్రాయేలు రాజుకి లక్ష గొర్రెపిల్లలనూ లక్ష పొట్టేళ్ళ ఉన్నినీ కప్పంగా కట్టేవాడు, ఆహాబు చనిపోగానే తిరగబడ్డాడు. ఆ తరువాత ముగ్గురు రాజులు కలిసి అతని మీదికి దండెత్తడం, ఇక దారి లేదనుకున్నప్పుడు అతను తన పెద్ద కొడుకునే కోట గోడ మీద బలివ్వడం, వచ్చినవాళ్ళు వెనుదిరిగి పోవడం. కథ అక్కడితో ఆగిపోతుంది. అందులో చెప్పింది ఒక పక్షం మాటే, రెండో పక్షం ఏమనుకుందో రెండు వేల ఏళ్ళకి పైగా ఎవరికీ తెలీదు.

1868 ఆగస్టులో ఫ్రెడరిక్ ఆగస్టస్ క్లైన్ అనే ఆంగ్లికన్ మిషనరీ ఆ ప్రాంతంలో తిరుగుతుంటే, ధీబాన్ అనే పాడుపడ్డ ఊరి దగ్గర రాతలున్న రాయొకటి ఉందని స్థానిక బెదూయిన్లు (సంచార అరబ్బు తెగలవాళ్ళు) చెప్పి తీసుకెళ్ళి చూపించారు. ధీబాన్ అంటే బైబిల్లోని దీబోను. అక్కడ మీటరుకి పైగా ఎత్తున్న నల్ల బసాల్ట్ రాయి ఉంది, పైభాగం గుండ్రంగా, దాని నిండా వరసగా అక్షరాలు. క్లైన్‌కి చదవడం రాదు, టైమూ లేదు, కొన్ని అక్షరాలు కాపీ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాయిని పగలకముందు చూసిన ఒకే ఒక యూరోపియన్ ఆయన. అంత అపురూపమైన వస్తువు ముందు నిలబడి అంత కొద్దిసేపట్లో తిరిగి వెళ్ళిపోయాడంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది, కానీ ఆయన్ని తప్పుపట్టలేం, అది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలీదు కదా.

క్లైన్ యెరూషలేముకి వచ్చి ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) కాన్సుల్ పీటర్‌మన్‌తో చెప్పాడు, పీటర్‌మన్ బెర్లిన్‌కి రాశాడు, రాయి కొనడానికి డబ్బు ఇస్తామని అక్కడి నుంచి జవాబొచ్చింది. బేరం మొదలైంది. ఎక్కువ కాలం గుట్టుగా ఉంచారు కానీ ఇలాంటివి దాగవు, ఫ్రెంచి కాన్సులేట్‌లో పనిచేసే షార్ల్ క్లెర్మాన్-గానో చెవిన పడింది. ఆయన అప్పటికి ఇరవై మూడేళ్ళ కుర్రాడు, కాన్సులేట్‌లో దుబాసీ ఉద్యోగం, సెమిటిక్ భాషలంటే ప్రాణం. సలీమ్ అల్-ఖారీ అనే స్థానికుడు ఆయనకి కొన్ని పంక్తులు చేత్తో రాసి తెచ్చిచ్చాడు, అవి చూడగానే అది ఎంత పాతదో క్లెర్మాన్-గానోకి అర్థమైపోయింది. ఇక అచ్చు తీయించాల్సిందేనని నిర్ణయించుకున్నాడు.

ఈ అచ్చు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయమంతా ఇందులోనే ఉంది. మన దగ్గర శాసనాలకి ఎస్టాంపేజి తీయడం చూసినవాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది. రాయిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. మన ఎపిగ్రఫీ వాళ్ళు ఆ తరువాత దాని మీద సిరా అద్దుతారు, గుంటలోకి దిగిన చోట సిరా అంటదు కాబట్టి నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. మధ్యప్రాచ్యంలో పనిచేసినవాళ్ళు వాడిన పద్ధతిని స్క్వీజ్ అంటారు, అందులో సిరా ఉండదు, కాగితం మందంగా ఉంటుంది, పూర్తిగా ఆరాక తీస్తే వెనకవైపు అక్షరాలు ఉబ్బెత్తుగా తిరగేసి కనిపిస్తాయి. రెండిటికీ ప్రాణం ఒకటే, కాగితం ఆరేదాకా ఓపిక పట్టాలి. ఆరకముందు లాగితే సాగుతుంది, చిరుగుతుంది, అక్షరం వంకర పోతుంది.

చేత్తో రాసుకున్న కాపీకి, ఈ అచ్చుకి నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. చేత్తో రాసేవాడు తనకి తెలిసిన అక్షరాన్నే చూస్తాడు, తెలియనిదాన్ని తెలిసినదానిలా దిద్దేస్తాడు, తెలియకుండానే. కాగితానికి ఏ అక్షరమూ తెలీదు. ఉలి గీత ఎక్కడుందో, రాతి పగులు ఎక్కడుందో రెండిటినీ ఒకేలా పట్టుకుంటుంది, ఏది అక్షరమో ఏది పగులో తేల్చడం తరువాత చదివేవాళ్ళ పని.

క్లెర్మాన్-గానో 1869లో యాకూబ్ కరవాకా అనే మనిషికి ఈ పని అప్పగించి, తోడుగా ఇద్దరు గుర్రపు రౌతుల్ని పంపాడు. కరవాకా ధీబాన్ వెళ్ళి, స్థానికుల్ని ఒప్పించి, కాగితం పరిచాడు. కాగితం ఇంకా రాతికి అంటుకునే ఉంది, ఆరలేదు, ఇంతలో చుట్టూ చేరినవాళ్ళలో వాళ్ళలో వాళ్ళకే గొడవ మొదలైంది. కరవాకా కాలికి ఈటె గాయమైంది, ఆయన గుర్రం వైపు పరిగెత్తాడు. రౌతుల్లో ఒకడైన షేక్ జమీల్ మాత్రం రాయి ఉన్న గుంటలోకి దూకి, తడి కాగితాన్ని చేతికొచ్చినట్టు లాగేశాడు. అది ఏడు ముక్కలైంది. వాటిని అంగీలో దోపుకుని గుర్రమెక్కాడు, ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. ముడతలు పడి, నలిగి, చిరిగి యెరూషలేముకి చేరిన ఆ ఏడు ముక్కలే మేషా శాసనం పగలకముందు తీసిన ఏకైక అచ్చు. సెమిటిక్ శాసనాల చరిత్రలో పండితుల పేర్లు చాలా వినిపిస్తాయి, నా లెక్కలో కరవాకా పేరూ జమీల్ పేరూ వాళ్ళ పక్కనే ఉండాలి.

ఆ తరువాత కొద్ది కాలానికే రాయి పగిలిపోయింది. ప్రష్యావాళ్ళ బేరం ఎటూ తేలకపోవడంతో అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న ఒట్టోమన్ (తుర్కీ) అధికారుల చేత ఒత్తిడి పెట్టించారు. రాయి ఉన్న నేల బనీ హమీదా తెగవాళ్ళది. ఒట్టోమన్ గవర్నర్ అప్పటికి కొద్దికాలం క్రితమే సైన్యంతో ఆ ప్రాంతం మీదికి వచ్చి వాళ్ళని అణచివేసి వెళ్ళాడు. అదే గవర్నర్ మనుషులు ఇప్పుడు ఆ రాయి ఇమ్మంటున్నారు. వాళ్ళకి ఇవ్వడం కంటే లేకుండా చేయడమే నయమనుకున్నారు బనీ హమీదావాళ్ళు. రాయి చుట్టూ మంట పెట్టి, బాగా కాలాక చన్నీళ్ళు పోశారు, బసాల్ట్ ముక్కలు ముక్కలుగా పగిలింది. ఆ ముక్కల్ని కుటుంబాల వారీగా పంచుకుని, ధాన్యానికి శుభమని గాదెల్లో పెట్టుకున్నారని ఆనాటి కథనాలు చెబుతున్నాయి.

చాలా చోట్ల ఈ ఘట్టాన్ని "అజ్ఞానులైన బెదూయిన్లు అమూల్యమైన రాయిని పగలగొట్టారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఎన్నో వందల ఏళ్ళుగా ఆ రాయి ఆ నేల మీద భద్రంగానే ఉంది, పరాయివాడు వచ్చి అడిగితే తీసుకెళ్ళి చూపించింది కూడా వాళ్ళే. కాన్సులేట్ల మధ్య పోటీ, డబ్బు, ఆ వెనకే సైన్యం భయం వచ్చాకే అది పగిలింది. జర్మన్లు క్లెర్మాన్-గానో తొందరపాటు వల్లే ఇదంతా జరిగిందన్నారు, బ్రిటిష్ వాళ్ళలోనూ కొందరు ఆ మాటే అన్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆ తొందరే లేకపోతే కాగితమూ ఉండేది కాదు, అందుకే నేను ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేకపోతున్నాను.

పగిలాక వేట మొదలైంది. క్లెర్మాన్-గానో రెండు పెద్ద ముక్కల్నీ, చాలా చిన్నవాటినీ సంపాదించాడు, యెరూషలేములో తవ్వకాలు జరిపిన చార్లెస్ వారెన్‌కి మరికొన్ని దొరికాయి. మొత్తం 57 ముక్కలు, అంటే రాతిలో సుమారు మూడింట రెండు వంతులు. 1873 నుంచి అది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దొరకని చోట్లు ప్లాస్టర్‌తో పూడ్చి, కాగితాన్ని చూసి దాని మీద అక్షరాలు దిద్దారు. అంటే మ్యూజియంలో ఆ రాయి ముందు నిలబడి చూసేవాళ్ళు మూడింట ఒక వంతు దగ్గర చూస్తున్నది షేక్ జమీల్ లాక్కొచ్చిన కాగితాన్నే. బసాల్ట్ ముక్కలకీ ప్లాస్టర్‌కీ మధ్య అతుకులు ఫోటోల్లో కూడా స్పష్టంగా కనిపిస్తాయి, జూమ్ చేసి చూడండి.

ఇంతకీ అందులో ఏముంది? "నేను మేషాని, మోయాబు రాజుని, దీబోను వాణ్ణి" అని రాజు తనే మాట్లాడతాడు. మా నాన్న ముప్పై ఏళ్ళు ఏలాడు, ఆయన తరువాత నేను ఏలాను అంటాడు. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ చాలా కాలం మోయాబుని అణచిపెట్టాడు, ఎందుకంటే కెమోషు దేవుడికి తన దేశం మీద కోపం వచ్చింది అంటాడు. ఈ వాక్యం దగ్గర బైబిల్ చదివిన ఎవరైనా ఆగిపోతారు. తమ ఓటమికి కారణం శత్రువు బలం అని కాకుండా తమ దేవుడికి తమ మీద వచ్చిన కోపమే అని చెప్పుకోవడం ఇశ్రాయేలువాళ్ళ రాతల్లో అడుగడుగునా కనిపిస్తుంది. పొరుగు దేశం, వేరే దేవుడు, ఆలోచన మాత్రం అచ్చంగా అదే.

తరువాత యుద్ధాలు. అతారోతులో గాదు గోత్రంవాళ్ళు అనాదిగా ఉంటున్నారని ఒప్పుకుంటూనే, ఆ ఊరిని పట్టుకుని జనాన్ని చంపానంటాడు. కెమోషు తనతో "వెళ్ళు, ఇశ్రాయేలు నుంచి నెబోని తీసుకో" అన్నాడట, రాత్రికి రాత్రి బయలుదేరి తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పోరాడి ఊరు పట్టుకున్నాడట, ఏడు వేల మందిని చంపి, అక్కడున్న యెహోవా గుడి సామగ్రిని కెమోషు ముందుకి ఈడ్చుకొచ్చాడట. బైబిల్‌కి బయట ఇశ్రాయేలు దేవుడి పేరు స్పష్టంగా కనిపించే అతి పాత రాతల్లో ఇదొకటి, అది కూడా శత్రువు నోటి నుంచి. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. రాజుల గొప్పల వెనక ఎంతమంది చచ్చిపోయారో ఆ అంకెలే చెబుతాయి, నిజమైన లెక్క అంతేనా కాదా అనేది వేరే చర్చ.

ఆ తరువాత భాగం నాకు మరీ ఇష్టం. రాజు కట్టించినవాటి చిట్టా చెబుతాడు. గోడలు, గుమ్మాలు, బురుజులు, రాజు ఇల్లు. ఊళ్ళో నీళ్ళు నిలవచేసే గుంతలు లేవట, "మీలో ప్రతి ఒక్కడూ తన ఇంట్లో ఒక గుంత తవ్వుకోండి" అని జనంతో చెప్పానని రాయించాడు. అర్నోను లోయలో దారి వేయించానంటాడు. మన రాయలసీమ, తెలంగాణ శాసనాల్లో చెరువు తవ్వించామని, కాలవ తీయించామని ఎంత గర్వంగా రాయించుకున్నారో చూసినవాళ్ళకి ఈ పంక్తులు పరాయిగా అనిపించవు. వానలు తక్కువ పడే నేలని ఏలినవాడికి నీళ్ళ విలువ తెలుసు.

లిపి గురించి రెండు ముక్కలు. ఇరవై రెండు అక్షరాలు, కుడి నుంచి ఎడమకి రాత, ఫినీషియన్ కుటుంబపు లిపి. అచ్చులకి విడిగా గుర్తులు లేవు, పదం చివర దీర్ఘం వచ్చినప్పుడు మాత్రం కొన్ని హల్లుల్నే దానికి గుర్తుగా వాడారు. గుణింతాలతో అక్షరాలు నేర్చుకున్న మనకి మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది, ఉత్త హల్లులతో ఎలా చదవాలా అని. కానీ ఈ రాయి చెక్కినవాడు ఒక మేలు చేశాడు, పదానికీ పదానికీ మధ్య చుక్క పెట్టాడు, విషయం మారిన చోట నిలువు గీత గీశాడు. మన పాత తెలుగు శాసనాల్లో పదాలన్నీ కలిసిపోయి ఉంటే ఎక్కడ విడగొట్టాలో తెలియక గంటలు గంటలు కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఆ చుక్కల్ని చూసి చేతులెత్తి దండం పెడతారు.

మొదటి పంక్తిలోనే ఒక ఖాళీ ఉంది. మేషా తన తండ్రి పేరు చెబుతాడు, "కెమోష్" దాకా కనిపిస్తుంది, మిగతాది పోయింది. 1958లో కెరక్ దగ్గర ఒక చిన్న శాసనపు ముక్క దొరికింది. అందులో మోయాబు రాజు పేరు కెమోష్‌యత్ అన్నట్టు చదవొచ్చు. ఇప్పుడు చాలామంది మొదటి పంక్తిని ఆ పేరుతోనే పూరిస్తారు. తొంభై ఏళ్ళ తరువాత వేరే ఊళ్ళో దొరికిన అరచేతి పాటి ముక్క, పారిస్‌లో ఉన్న రాతి ఖాళీని పూడ్చింది. అతారోతుగా చాలామంది గుర్తించిన ఖిర్బత్ అతారూజ్‌లో 2010లో రాతలున్న రాతి బలిపీఠం కూడా బయటపడింది, మోయాబు లిపి గురించి మనకి తెలిసింది అలా మెల్లమెల్లగా పెరుగుతోంది.

దొంగ శాసనాల గురించి చెప్పకుండా ఈ కథ పూర్తవదు. మేషా రాయి యూరప్‌లో సంచలనం కాగానే మోయాబు వస్తువులకి గిరాకీ పెరిగింది. యెరూషలేములో మోసెస్ షపీరా అనే వ్యాపారి దుకాణంలో మోయాబు మట్టిబొమ్మలు, కుండలు, వాటి మీద అక్షరాలు కుప్పలుగా ప్రత్యక్షమయ్యాయి, బెర్లిన్ వెయ్యికి పైగా కొనేసింది. అవన్నీ నకిలీవని బయటపెట్టింది క్లెర్మాన్-గానోయే, వాటి తయారీ వెనక ఉన్నది తన దగ్గర ఒకప్పుడు పనిచేసిన సలీమ్ అల్-ఖారీయే అని కూడా తేల్చాడు. 1883లో షపీరా ద్వితీయోపదేశకాండానికి పాత ప్రతి అంటూ తోలు ముక్కల్ని లండన్‌కి తెచ్చాడు, వాటి లిపి మేషా లిపిని పోలి ఉంది. అవీ నకిలీవేనని క్లెర్మాన్-గానోతో సహా పండితులు తేల్చారు, మరుసటి ఏడాది షపీరా రాటర్‌డామ్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తోలు ముక్కల ఆచూకీ ఇప్పుడు లేదు, అవి నిజమైనవే అని వాదించే పండితులు ఈ మధ్య మళ్ళీ వచ్చారు. వాటికి మంచి ఫోటోలు, మంచి నకళ్ళు ఉండి ఉంటే ఈ చర్చ ఎప్పుడో ఒక కొలిక్కి వచ్చేది.

ఇక కాగితానికి తిరిగి వస్తాను, ఎందుకంటే ఇప్పటికీ తెగని తగాదా ఒకటి దాని మీదే నడుస్తోంది. 31వ పంక్తిలో హొరోనయీము అనే ఊళ్ళో ఎవరో ఉండేవారని ఉంది. ఎవరు అన్న చోట రాయి దెబ్బతింది. 1994లో ఫ్రెంచి శాసన పండితుడు ఆంద్రే లెమేర్ అక్కడ "దావీదు ఇల్లు", అంటే దావీదు వంశం అని చదివాడు. అంతకు ముందు ఏడాదే ఉత్తర ఇజ్రాయెల్‌లోని తెల్ దాన్‌లో దొరికిన అరమాయిక్ శాసనంలో అదే మాట కనిపించింది కాబట్టి అందరూ చెవులు రిక్కించారు. దావీదు చారిత్రక వ్యక్తా కాదా అన్న పెద్ద చర్చలో ఇది ఒక సాక్ష్యం అయింది. 2019లో ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్, నాదవ్ నఆమన్, తోమా రోమర్ అనే పండితులు ముగ్గురూ కలిసి అక్కడ దావీదు లేడన్నారు. 2018లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్ విద్యాసంస్థ ఎగ్జిబిషన్ కోసం ఆ కాగితాన్ని కొత్తగా తీసిన ఫోటోలు చూసి, మొదటి అక్షరం "బ" ఒక్కటే స్పష్టమనీ, కాస్త తరువాత వాక్యాన్ని విడగొట్టే నిలువు గీత ఉందనీ, కాబట్టి అది మూడక్షరాల పేరు, బహుశా బాలాకు అయ్యుండొచ్చనీ వాళ్ళ వాదన. బిలాము కథలో వచ్చే మోయాబు రాజు బాలాకు గుర్తున్నాడు కదా. 2019లోనే మరో పండితుడు మిషెల్ లాంగ్‌ల్వా వేరువేరు కోణాల నుంచి వెలుతురు వేసి తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో కలిపి చూసి, లెమేర్ చదివిందే సరైనదన్నాడు.

నేను ఇద్దరి వాదనలూ చదివి, ఆ ఫోటోలు పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాను. దావీదు పేరు ఉండాలని కోరుకునేవాళ్ళకి అది కనిపిస్తుంది, ఉండకూడదనుకునేవాళ్ళకి గీత కనిపిస్తుంది అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే రెండు పక్షాలవాళ్ళూ నిజాయితీగా ఒక్కో గీత దగ్గర ఎందుకలా చదివారో కారణం చెప్పారు. నా మొగ్గు లెమేర్ వైపే, వాక్యంలో ఆ చోట ఒక వంశం పేరు బాగా అతుకుతుంది కాబట్టి. కానీ ఆ పేరు మీద చరిత్ర కట్టాలంటే మాత్రం నాకు ధైర్యం చాలదు. తడిగా ఉన్నప్పుడే లాగేసిన కాగితం అది, ఒక గీత రాతిదా, మడతదా, చిరుగుదా అని అడిగితే ప్రతిసారీ జవాబు దొరకదు.

ఈ శాసనం గురించి చదవాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. అనువాదం చదవడంతో ఆగిపోకండి. ఏ అక్షరం రాతి మీద ఉంది, ఏది కాగితం మీద మాత్రమే ఉంది, ఏది పండితుడు ఊహించి పూరించాడు అని వేరువేరు గుర్తులతో చూపించే ముద్రణ పక్కన పెట్టుకోండి. చదరపు బ్రాకెట్లలో ఉన్నవి ఊహించి పూరించినవి, వాటిని శాసనం మాటగా ఎవరైనా చెబితే ఆపి అడగండి. మన తెలుగు శాసన సంపుటాల్లోనూ ఇదే పద్ధతి ఉంది, చాలామంది ఆ బ్రాకెట్లని చూడకుండానే దాటిపోతారు.